ఆ లెక్కల కాగితంలో గుంత పూడ్చే ఖర్చు ఎక్కడుంది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాన్నగారి కాలం నుంచి చిన్న బంగారు కొట్టు ఉంది. మా బావమరిది ఆరేళ్లుగా ఘనాలో, టెమాలోని ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. అక్కడ తనకు తెలిసిన ఒకాయనకి తార్క్వా వైపు స్మాల్ స్కేల్ గోల్డ్ మైనింగ్ లైసెన్స్ ఉందట. ఇటాచి (మట్టి తవ్వే పెద్ద యంత్రం) కొనడానికి నన్ను 18 లక్షలు పెట్టమంటున్నాడు, నెలనెలా బంగారంలో వాటా ఇస్తారట. లెక్కలన్నీ కాగితం మీద రాసి వాట్సాప్‌లో పంపాడు, చూస్తే బాగానే ఉన్నాయి. డిగ్రీ చదివే మా అమ్మాయి మాత్రం అక్కడి నదులు కాఫీ రంగులో పారుతున్న వీడియోలు చూపించి వద్దంటోంది. మా ఆవిడ సొంత తమ్ముడి మాట అని కూడా చూడకుండా "ఆ డబ్బు మన ఇంట్లోకి రావద్దు" అంటోంది. చిన్నగా తవ్వుకునేవాళ్ల వల్ల నేలకీ నీళ్లకీ నిజంగా అంత నష్టం జరుగుతుందా? నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు కదా? చట్టంతో ఏమైనా ఇబ్బందా?

జవాబు: చట్టం సంగతి ముందు చెప్పేస్తాను, అది త్వరగా తేలిపోతుంది. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఘనాలో స్మాల్ స్కేల్ లైసెన్స్ ఆ దేశ పౌరులకే ఇస్తారు. 2006 నాటి గనుల చట్టంలోనే ఆ మాట ఉంది. 2019లో దాన్ని సవరించి శిక్షలు పెంచారు. విదేశీయుడు ఈ పనిలో చేయి పెట్టి దొరికితే 20 నుంచి 25 ఏళ్ల జైలు. మీరు ప్రొద్దుటూరులో కూర్చుని డబ్బు మాత్రమే పంపుతున్నాను అనుకోవచ్చు, కానీ పోలీసులు వచ్చేది టెమాకి, మీ బావమరిది గదికి. పైగా ఆ వాటా బంగారం మీదాకా ఎలా వస్తుందట? 2025 మే నుంచి చిన్న గనుల బంగారాన్ని ఎగుమతి చేసే హక్కు గోల్డ్‌బోడ్ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కదానికే ఉంది, విదేశీయులు అక్కడి గనుల దగ్గర బంగారం కొనుగోలు చేయకూడదని కూడా అప్పుడే చెప్పేశారు. అంటే ఆ కాగితంలో నెలనెలా మీకు రావాల్సిన గ్రాములు చట్టప్రకారం ఏ దారిలోనూ రావు.

ఇంకో సంగతి మీలాంటివాళ్లు తెలుసుకోవాలి. చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతంలో షాంగ్లిన్ అనే కౌంటీ ఉంది, బంగారం కడగడంలో చేయి తిరిగినవాళ్లు. అక్కడినుంచి వేలమంది ఘనాకి వెళ్లారు, చాలామంది ఊళ్లో అప్పులు చేసి, బంధువుల దగ్గర చందాలు వేసుకుని యంత్రాలు కొన్నవాళ్లే. 2013లో ఘనా ప్రభుత్వం దాడులు మొదలుపెట్టింది, 4,500 మందికి పైగా చైనావాళ్లని వెనక్కి పంపేసింది. యంత్రాలు అక్కడే పోయాయి, అప్పులు సొంతూళ్లో మిగిలాయి. ఆ తర్వాత 2021లో సైన్యం నదుల వెంట దిగి దొరికిన ఇటాచీలని అక్కడికక్కడే తగలబెట్టింది కూడా. మీ 18 లక్షలు ఏ రూపంలో ఉండబోతున్నాయో మీకే తెలుసు.

ఇక అసలు విషయం. "చిన్నగా తవ్వుకునేవాళ్లు" అన్నారు, ఈ మాట దగ్గరే అందరూ మోసపోతారు. ఒకప్పుడు అది నిజంగానే చిన్నది. ఘనాని 1957 దాకా గోల్డ్ కోస్ట్ అనేవాళ్లు, తెల్లవాళ్లు ఓడలేసుకుని రాకముందు నుంచే అక్కడి ఆడవాళ్లు వాగుల్లో చెక్క పళ్లేలతో మట్టి కడిగి రేణువులు ఏరుకునేవాళ్లు. వాళ్ల అకాన్ భాషలో సికా అంటే డబ్బూ అదే, బంగారమూ అదే. పోగుచేసి అమ్ముకో అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు నలిగి నలిగి "గాలామ్‌సే" అయ్యాయి, ఇప్పుడు అనుమతి లేకుండా తవ్వడానికి అదే పేరు. పలుగూ పారా పళ్లెం ఉన్నంతకాలం వాగు పట్టుకోగలిగింది, వానాకాలం వస్తే గుంతలు వాటంతటవే పూడిపోయేవి. 2008 తర్వాత బంగారం ధర ఎగబాకింది, షాంగ్లిన్ వాళ్లతో పాటు ఇటాచీలు, బురదని గొట్టాలతో పీల్చే పంపులు, రాయిని పొడిచేసే చాంగ్‌ఫాన్ యంత్రాలు వచ్చాయి. లైసెన్స్ మాత్రం పాతదే, స్మాల్ స్కేల్. అది ఇచ్చే నేల కొలతని బట్టి పెట్టిన పేరు (ఒక్కోటి 25 ఎకరాల వరకు), జరిగే నష్టాన్ని బట్టి పెట్టింది కాదు.

మీరు పెన్న ఒడ్డున ఉన్నారు కాబట్టి నాకు చెప్పడం తేలిక. ఇసుక రీచ్ చూసుంటారు. టిప్పర్లు, జేసీబీలు, రాత్రిపూట లైట్లు, ఏరులో నడుము లోతు గుంటలు, ఆ తర్వాత చుట్టుపక్కల బోర్లు ఎండిపోవడం. ఇప్పుడు దానికి ఇంకొకటి జోడించుకోండి. ఇసుక తీసేవాడు ఇసుకని పట్టుకుపోతాడు, వాడికి కావాల్సింది అదే. బంగారం తీసేవాడికి కావాల్సింది మాత్రం టన్నుకి గ్రాములో కొంత. మంచి నేల దొరికినా అంతే. మిగతా టన్నంతా, అక్షరాలా టన్నంతా, అక్కడే వదిలేస్తాడు, అదీ ఉన్నది ఉన్నట్టు కాదు, కడిగి, జల్లించి, తలకిందులు చేసి. కొండని తవ్వి ఎలకని పట్టడం అని మనం ఎగతాళికి అంటాం, వాళ్లు రోజూ చేసేది అదే, కాకపోతే ఆ ఎలక గ్రాము వేల రూపాయలు పలుకుతుంది కాబట్టి ఎవరూ నవ్వరు.

పని ఎలా సాగుతుందో చెప్తాను. బంగారం ఉండేది పాత వాగు దారుల్లో, గులకరాళ్ల పొరలో. దాని మీద మీటర్ల మందాన మట్టి ఉంటుంది, ఆ మట్టి మీద కోకో తోటో అడవో ఉంటుంది. ఇటాచి ముందు చెట్లని నెట్టేస్తుంది. తర్వాత పైమన్ను ఎత్తి పక్కన పోస్తుంది, దాని మీదే అడుగు మట్టి పోస్తుంది, రెండూ కలిసిపోతాయి. గులకరాళ్ల పొర దొరికాక దాన్ని ఎత్తి ఏటవాలుగా పెట్టిన రేకు తొట్టిలో వేసి పంపుతో నీళ్లు కొడతారు. తొట్టి అడుగున కార్పెట్ ముక్కలు పరుస్తారు, బరువైన బంగారం నూలుపోగుల్లో చిక్కుకుంటుంది, తేలికైనదంతా కొట్టుకుపోతుంది. ఆ తేలికైనది ఏమిటో తెలుసా? బంకమన్ను. ఒండ్రు. రైతు నేల అని పిలిచేది ఏదైతే ఉందో అది.

అందుకే ఆ నేల మళ్లీ పండదు. గుంత పూడిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాడిని. కానీ పూడ్చడానికి మిగిలింది కడిగిన ఇసుక, గులకరాళ్లు. నీళ్లని పట్టి ఉంచేదీ ఎరువుని పట్టి ఉంచేదీ బంకమన్ను, అది నది పాలైంది. ఆ రాళ్ల గుట్ట మీద వాన పడితే నీళ్లు జల్లెడలో పోసినట్టు దిగిపోతాయి. పద్ధతిగా చేయాలంటే పైమన్ను వేరుగా, అడుగు మట్టి వేరుగా కుప్పలు పోసి, కడిగిన నీళ్లని నదిలోకి వదలకుండా చెరువు కట్టి బురద పేరుకునేదాకా ఆపి, పని అయ్యాక ముందు రాళ్లు, తర్వాత అడుగు మట్టి, పైన పైమన్ను పరిచి మొక్కలు నాటాలి. చేయలేనిది కాదు. ఇటాచి అదే, డ్రైవర్ అదే. కాకపోతే ఆ రోజులన్నీ డీజిల్ కాలుతుంది, గ్రాము కూడా రాదు. అందుకని గుంతని అలాగే వదిలేసి పక్క గుంతకి వెళ్లిపోతారు.

వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. పైనుంచి డ్రోన్‌తో తీసిన ఫొటోల్లో చూడండి, పచ్చటి అడవి మధ్యలో పసుపు, నీలం, ఎరుపు రంగుల గుంటలు వరసగా, రంగుల డబ్బాలు ఒలికినట్టుంటాయి. దగ్గరికెళ్తే దోమలు. మలేరియా అసలే ఎక్కువున్న దేశం అది. గట్లు నిలువుగా ఉంటాయి, మెట్టు ఉండదు, నీటి కింద లోతు ఎంతో తెలియదు. వాటిలో పడి పిల్లలు చనిపోయిన వార్తలు అక్కడి పేపర్లలో మనకి రోడ్డు ప్రమాదాల వార్తల్లాగా వస్తుంటాయి.

కోకో గురించి ఒక మాట. ప్రపంచంలో కోకో ఎక్కువ పండించేది ఐవరీ కోస్ట్, దాని తర్వాత పేరు చాలాకాలంగా ఘనాదే. కోకో మొక్క కాపుకి రావడానికి మూడు నుంచి అయిదేళ్లు, ఆ తర్వాత పాతికేళ్లకి పైగా కాస్తుంది. ముసలి రైతు దగ్గరికి ఎవరో వచ్చి ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో పెడతారు, ఆయన తోటలో రోగం వచ్చి కాపు తగ్గి ఉంటుంది, కొడుకులు ఊళ్లో ఉండరు, ఇచ్చేస్తాడు. ఇవ్వని రైతు చుట్టూ ఇచ్చినవాళ్ల గుంతలు వస్తాయి, వానాకాలంలో ఆ బురద ఈయన తోటలోకి వస్తుంది, దారి తెగిపోతుంది, రెండో ఏడాది ఈయనా ఇచ్చేస్తాడు. మన దగ్గర రియల్ ఎస్టేట్ వాళ్లు పొలాలు కొనేటప్పుడు ఇది చూడలేదా? అక్కడ అడిగేది ప్లాట్ల కోసం కాదు, అంతే తేడా.

ఇప్పుడు నీళ్లు. మీ అమ్మాయి చూపించిన కాఫీ రంగు నిజమే, రంగు దిద్దిన వీడియోలు కావు. ప్రా, ఆంకోబ్రా, ఓఫిన్, బిరిమ్, ఈ నదులన్నీ బంగారు నేలల మీదుగానే పారతాయి. నీటి మురికిని ఎన్‌టీయూ అనే కొలతలో చెప్తారు. మన దేశంలో తాగునీటికి 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. ప్రా నది మీద సెచెరె హెమాంగ్ అనే చోట కేప్‌కోస్ట్, ఎల్మినా పట్టణాలకి నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. నదిలోంచి వచ్చే నీళ్లు 2,000 దాకా ఉన్నా శుభ్రం చేయగలిగేలా దాన్ని కట్టారు. 2024 ఆగస్టులో ఆ సంస్థే స్వయంగా చెప్పింది, వస్తున్న నీళ్లు సగటున 14,000 ఉన్నాయని, ఊళ్లకి సరిపడా నీళ్లు ఇవ్వలేమని, వీలున్నవాళ్లు నీళ్లు నిల్వ చేసుకోండని. 14,000 అంటే ఇక నీళ్లలో మట్టి ఉంది అనకూడదు, మట్టిలో కొంచెం నీళ్లున్నాయి అనాలి.

మన ఇళ్లల్లో వరద నీళ్లు వస్తే ఏం చేసేవాళ్లు? బిందెలో పటిక తిప్పేవాళ్లు, అంతకుముందు కాలంలో ఇండుప గింజ అరగదీసి కలిపేవాళ్లు, తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకునేవి. పెద్ద ప్లాంట్లలో జరిగేదీ అదే, పటికే. కానీ కడిగిన బంకమన్ను రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటాయి, ఒకదాన్నొకటి అంటుకోవు, దిగవు. పటిక రెట్టింపు వేస్తారు, మళ్లీ రెట్టింపు వేస్తారు, ఫిల్టర్లు గంటకోసారి కడుగుతారు, కడగడానికి వాడే నీళ్లు కూడా శుద్ధి చేసినవే. నది లోపల సంగతి వేరే. ఎండ అడుక్కి చేరదు, నాచు పెరగదు, చేపల మొప్పల్లో మట్టి కూరుకుంటుంది, గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద బురద దుప్పటి పరుచుకుంటుంది. నది అడుగు పైకి లేస్తుంది, చిన్న వానకే గట్టు దాటుతుంది.

ఇంతవరకు చెప్పింది కంటికి కనపడేది. ఇక కనపడనిది పాదరసం, దీని గురించి బంగారు కొట్టు నడిపే మీకు నేను చెప్పడం ఏమిటి అనిపిస్తుంది కానీ చెప్తాను.

చిన్నప్పుడు మా ఊళ్లో కంసాలి వీధిలో తెల్లవారుజామున ఒక ముసలాయన వచ్చేవాడు. చీపురు, ఇనుప రేకు, రెండు డబ్బాలు. కొట్ల ముందు దుమ్మూ, కాలవలో బురదా ఎత్తుకుని ఏటి దగ్గరికి వెళ్లేవాడు. మా అమ్మమ్మ వాళ్లని జలకడుగువాళ్లు అనేది. వెడల్పాటి మూకుడులో బురద వేసి తిప్పుతూ కడిగితే చివరికి చారెడు నల్ల ఇసుక మిగిలేది. అప్పుడు నడుముకి కట్టుకున్న చిన్న సీసాలోంచి పాదరసం ఒక చుక్క వంచేవాడు. బొటనవేలితో ఆ నల్ల ఇసుకని నెమ్మదిగా రుద్దుతుంటే ఆ చుక్క బరువెక్కి మెరుపు తగ్గేది. దాన్ని పంచె కొసలో వేసి మెలిపెట్టి పిండితే, గుడ్డ నేతలోంచి సన్న సన్న వెండి పూసలు బయటికి రాలేవి, లోపల శనగగింజంత తెల్లటి ముద్ద మిగిలేది. ఆ ముద్దని చితుకుల మంట మీద పెంకులో పెట్టి ఊదుతుంటే తెలుపు పోయి పసుపు పైకి వచ్చేది. మేం చుట్టూ గుంపుగా కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాళ్లం, ముక్కులు ఆ పొగకి అడుగు దూరంలో పెట్టి. నిజానికి పొగ కనపడదు, వాసన కూడా రాదు. ఆయన చేతులు ఎప్పుడూ వణికేవి, తాగుడు అనుకునేవాళ్లు.

ఘనాలో జరిగేది సరిగ్గా ఇదే, మూకుడు బదులు కార్పెట్ దులిపిన బకెట్లు. బంగారాన్ని పట్టేది పాదరసం, మంట మీద ఆవిరైపోయేదీ పాదరసమే. నల్ల ఇసుక వరకే కలిపితే గ్రాము బంగారానికి గ్రాముకి పైచిలుకు పాదరసం పోతుంది, బద్ధకించి పొడి చేసిన రాయి మొత్తానికి కలిపితే దానికి ఎన్నో రెట్లు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018 నాటి అంచనా ప్రకారం మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరే పాదరసంలో 38 శాతం ఈ చిన్న బంగారు గనుల నుంచే, బొగ్గు కాల్చడం కూడా దీని తర్వాతే. గాలిలోకి పోయింది వానతో దిగుతుంది. కాలవలోకి పోయింది బురదలో కూర్చుంటుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, అది పురుగులోకి, పురుగుని తిన్న చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి, ఎక్కినకొద్దీ చిక్కబడుతుంది. ఆ చేప తిన్న గర్భిణికి ఏమీ తెలియకపోవచ్చు, కడుపులో బిడ్డ మెదడుకి తెలుస్తుంది. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో 1956లో బయటపడింది ఇదే. అక్కడ కారణం ఒక రసాయన ఫ్యాక్టరీ, గని కాదు. కానీ పాదరసం మీద ప్రపంచ దేశాలు 2013లో చేసుకున్న ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. ఘనా, మన దేశం రెండూ అందులో ఉన్నాయి.

పాదరసం లేకుండా కుదరదా అంటే కుదురుతుంది. నల్ల ఇసుకని ఇంకా బాగా కడిగి నేరుగా కరిగించే చిన్న కొలిమిని తార్క్వాలోని గనుల విశ్వవిద్యాలయం వాళ్లే తయారుచేశారు. ఫిలిప్పీన్స్‌లో కొండజాతి వాళ్లు వెలిగారం (బోరాక్స్) వేసి కరిగిస్తారు, వెలిగారం మీ కొట్లోనూ ఉంటుంది. కనీసం ముద్దని మూత పెట్టిన పాత్రలో కాల్చి ఆవిరిని గొట్టంలో చల్లబరిచి మళ్లీ పట్టుకోవచ్చు. ఇవన్నీ ఉన్నా సీసాలోంచి చుక్క వంచడమే నడుస్తోంది, ఎందుకంటే అది పది నిమిషాల పని.

ఇంకా ఉన్నాయి, అన్నీ విప్పి చెప్తే మీకు విసుగొస్తుంది. ఘనాలోనే ఒబువాసి అనే గనుల ఊరి చుట్టుపక్కల రాయిలో బంగారంతో పాటు ఆర్సెనిక్ ఉంటుంది, పొడిచేస్తే బయటపడుతుంది. అక్కడికి దగ్గర్లోని నైజీరియాలో జాంఫరా అనే రాష్ట్రంలో రాయిలో సీసం ఉంది, ఊళ్లో జొన్నలు ఆడించే పిండిమరల్లోనే ఆ రాయిని ఆడించారు, ఇళ్ల వాకిళ్లలో ఆరబోశారు. 2010లో ఆ దుమ్ముకి 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. మనవైపు సంగతీ ఉంది కదా. కోలార్ గనులు 2001లో మూసేశారు, అవి చిన్నవి కావు, పెద్ద ప్రభుత్వ గనులు, కానీ సైనైడ్‌తో కడిగిన మట్టి గుట్టలు ఇప్పటికీ ఊరి మధ్యలోనే ఉన్నాయి, గాలి వీస్తే ఆ తెల్లదుమ్ము తెలుగు మాట్లాడే ఇళ్లల్లోకీ తమిళం మాట్లాడే ఇళ్లల్లోకీ తేడా లేకుండా వస్తుంది. పాతికేళ్లయింది. పెద్ద కంపెనీ, ప్రభుత్వం, అంతమంది ఇంజనీర్లు ఉన్నచోటే అదీ పరిస్థితి.

ఇప్పుడు మీ బావమరిది పంపిన కాగితం దగ్గరికి వస్తాను. మీరు నాకు పంపిన ఫొటోలో అది చదివాను. ఇటాచి వాయిదా ఉంది, డీజిల్ ఉంది, కూలీలు, వంట మనిషి, భూమి యజమాని వాటా, అక్కడి పెద్దమనిషి వాటా, చివర్న "ఇతర ఖర్చులు" అని ఒకటి (అది ఎవరికో మనకి తెలుసు). అన్నీ పోగా మిగిలిందే లాభం అని గీత గీశాడు. గుంత పూడ్చే ఖర్చు ఏ వరసలో ఉంది? నేను రెండుసార్లు వెతికాను. బురద చెరువు కట్టే ఖర్చు లేదు, పైమన్ను విడిగా పోసే రోజుల డీజిల్ లేదు, మొక్కల ఖర్చు లేదు. మీరు వ్యాపారస్తులు, ఒక పని చేయండి. ఒక్క గుంతకి, తవ్వడానికి ఎన్ని గంటలు పడితే పూడ్చడానికి అందులో సగం గంటలు అనుకుని, ఆ డీజిల్, ఆ డ్రైవర్ జీతం, ఆ యంత్రం అద్దె వేసి మళ్లీ కూడండి. ఆ లాభంలో ఎంత మిగులుతుందో మీరే చూస్తారు. నా లెక్కలో దాదాపు ఏమీ మిగల్లేదు. అంటే ఆ లాభం ఇటాచి సంపాదించింది కాదు. గుంత పూడ్చకపోవడం వల్ల వచ్చింది. పూడ్చే ఖర్చు ఎవరిమీదా పడదని కాదు, కేప్‌కోస్ట్‌లో నీళ్ల బిల్లు కట్టేవాళ్ల మీద, తోట పక్కన బురద వచ్చిన రైతు మీద, చేపలు పట్టేవాడి మీద పడుతోంది, వాళ్లెవరూ ఆ కాగితంలో లేరు.

"నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు" అన్నారు. పెడతాడు, నిజమే. మీ కొట్టుకి ఎవడో దొంగ సొత్తు తెచ్చి సగం ధరకి ఇస్తానంటే మీరు కొంటారా? పక్క కొట్టువాడు కొంటాడని తెలిసినా కొనరు కదా. అప్పుడు ఈ వాదన మీకు గుర్తు రాదు, ఘనా దూరం కాబట్టి గుర్తొచ్చింది.

అలాగని అక్కడ తవ్వేవాళ్లందరినీ దొంగలని అనను. పది లక్షల మందికి పైగా ఆ పని మీద బతుకుతున్నారు, కోకో ధర చేతికి రాక, ఉద్యోగం దొరక్క, చదువుకున్న కుర్రాళ్లు కూడా గుంతలో దిగుతున్నారు. 2017లో ప్రభుత్వం మొత్తం స్మాల్ స్కేల్ తవ్వకాలని ఏడాదిన్నరకి పైగా ఆపేసింది, లైసెన్స్ ఉన్నవాళ్లవి ఆగాయి, లేనివాళ్లు రాత్రిళ్లు తవ్వారు. జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే వజ్రాల కోసం చేలల్లో జనం ఎలా తిరుగుతారో మీకు తెలుసు, అలా చేతులతో వెతుక్కునేవాడి మీద నాకు కోపం లేదు. వాడికీ, వాడి చేతిలో ఇటాచి పెట్టి వాటా తీసుకునేవాడికీ తేడా ఉంది. మీరు కాబోతున్నది ఆ రెండోవాడు.

కాబట్టి పెట్టకండి. ఇప్పటికే అడ్వాన్స్ అని ఏమైనా పంపి ఉంటే (ఉత్తరంలో రాయలేదు గానీ నాకు అనుమానం) దాన్ని వసూలు చేయడానికి ఇంకో రూపాయి పంపకండి, మీరు బయల్దేరి అసలే వెళ్లకండి. ఘనా బంగారం పేరుతో మోసాలు ఎన్ని జరుగుతాయో మీ బజారులో పెద్దవాళ్లని అడగండి. మీ బావమరిదికి కోపం వస్తుంది, "అక్క మాట విని నన్ను నమ్మలేదు" అంటాడు. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు, టెమా సముద్రం పక్కన ఉంటుంది, తార్క్వా గుంతలు ఆయన కూడా చూసి ఉండకపోవచ్చు. మెత్తగా చెప్పండి. ఉద్యోగం వదిలి ఇందులో దిగొద్దని గట్టిగా చెప్పండి, 20 ఏళ్ల జైలు మాట మాత్రం మెత్తగా కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డబ్బు ఖాళీగా ఉందని బాధైతే పాత బంగారం కరిగించి శుద్ధి చేసే పని మీ ఊళ్లోనే ఉంది, పెట్టేముందు పొగ పీల్చే చిమ్నీ, గొట్టం మంచివి పెట్టించండి, మీ పనివాళ్ల కోసం.

ఆయన ఇంకా వాదిస్తే గొడవ వద్దు, ఒక్కటి అడగండి. ఒక ఆదివారం ఆ సైట్ దగ్గరికి వెళ్లి, కింద పారే వాగులోంచి లోపలికి కనపడే ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, కదపకుండా కిటికీలో పెట్టమనండి. పొద్దున ఒక ఫొటో, సాయంత్రం ఒక ఫొటో, మర్నాడు పొద్దున ఇంకొకటి. తేరుకున్నాయేమో మీరూ మీ అమ్మాయీ కలిసి చూడండి. మీ ఆవిడకి చూపించనక్కర్లేదు, ఆవిడకి ఫొటో లేకుండానే తెలిసింది.